ఆరు ఓడలూ ఒక్కచోటే

లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఆయన్ని అందరూ దండు మేస్త్రీ అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తెలియనట్టు ఉంటాడు. ఆయన కింద ఐదుగురు మెకానిక్కులు. ఊళ్ళో ఎక్కడైనా లిఫ్టు ఆగిపోతే మిగతా కంపెనీలవాళ్ళు ఒక మనిషిని పంపి ఊరుకుంటారు. ఈయన ఐదుగురినీ పంపుతాడు, వాళ్ళ వెనకాలే తనూ బయలుదేరతాడు. ఒకడు పైన మోటారు గదిలో, ఒకడు అడుగున గుంతలో, ఇద్దరు తలుపుల దగ్గర, ఒకడు తాళ్ళు పట్టుకుని చూస్తూ ఉంటారు. లిఫ్టు చూస్తుండగానే కదులుతుంది. ఆలోగా ఇంకెక్కడైనా ఇంకో లిఫ్టు ఆగిపోతే అందులో ఇరుక్కున్నవాళ్ళు ఉన్నచోటే కూర్చుని ఓపిక పట్టాలి. “ఒక్కటి పూర్తిగా బాగుపడటం మంచిదా, నాలుగు సగం సగం బాగుపడటం మంచిదా?” అని అడుగుతాడాయన. ఇరుక్కున్నవాళ్ళ అభిప్రాయం ఎవరూ కనుక్కోలేదు కాబట్టి ఈ వాదనలో ఇప్పటిదాకా ఆయనదే గెలుపు.

ఇంట్లోనూ అదే పద్ధతి. ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, బీరువాది, స్కూటరుది, అన్నీ ఒకే గుత్తి. విడివిడిగా ఉంటే ఏదో ఒకటి పోతుందని ఆయన భయం. ఒకసారి ఆ గుత్తి కాస్తా లిఫ్టు గుంతలో పడింది. ఆ రోజు భార్యాభర్తలిద్దరూ సొంతింటి మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి నమస్కారాలు పెట్టారు. “చూశావా, వెతకాల్సింది ఒక్కటే” అన్నాడాయన. భార్య చాలా ఏళ్ళ కిందటే చేతులెత్తేసింది.

ఈయనకి ఒక్కతే కూతురు. రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని. ఆమె పెళ్ళితో ఆయనకి ఒక వియ్యంకుడు వచ్చాడు. అల్లుడి తండ్రి అన్నమాట. బజారులో కళ్ళద్దాల షాపు ఆయనది. భార్య పోయి చాలాకాలమైంది. ఆ మనిషి అన్నిటికీ ఈయనకి వ్యతిరేకం. సొంత కళ్ళద్దాలు షాపు సొరుగులో ఒక జత, చొక్కా జేబులో ఒక జత, స్కూటరు డిక్కీలో ఒకటి, స్నానాల గదిలో సబ్బు పక్కన ఒకటి పెట్టుకుంటాడు. ఇంకా ఎక్కడెక్కడ పెట్టాడో ఆయనకే గుర్తుండదు. “ఒకటి పోయిందని కొంప మునక్కూడదు కదండీ” అంటాడు.

వియ్యంకులు ఒకరినొకరు బావగారూ అని పిలుచుకుంటారు. ఆ పిలుపులో ఎంత గౌరవం ఉంటుందో అంత జాగ్రత్తా ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని గోడల రంగు చూసేవాళ్ళు. “ఎండలు ముదిరాయి బావగారూ” అని ఒకరు. “ముదిరాయి బావగారూ” అని ఇంకొకరు. టీ వచ్చేది. టీ అయిపోయేది. పెళ్ళి చేసుకున్న పిల్లలిద్దరూ లోపల నవ్వుకుంటూ ఉంటే, చేసిన పెద్దలిద్దరూ బయట నోట్లో నాలుక లేనట్టు కూర్చునేవాళ్ళు.

ఆ నోళ్ళు విప్పించింది ఒక అట్టపెట్టె. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దాన్ని లిఫ్టులో మర్చిపోయారు. ఎన్నాళ్ళు చూసినా ఎవరూ అడగడానికి రాకపోతే మేస్త్రీ ఇంటికి తెచ్చుకున్నాడు. లోపల మడతలు మడతలుగా పసిఫిక్ మహాసముద్రం ఉంది. విప్పితే భోజనాల బల్ల నిండిపోయింది. గోళ్ళంత అట్టముక్కలు, వాటి మీద ఓడల బొమ్మలు, పాచికలు, ఇంగ్లీషులో లావుపాటి నియమాల పుస్తకం. ఆ ఆదివారం వచ్చిన వియ్యంకుడు పుస్తకం చేతిలోకి తీసుకుని, జేబులోంచి ఒక జత, సంచీలోంచి ఒక జత మార్చి మార్చి చదివి, సాయంత్రానికి, “ఇది నౌకాయుద్ధం బావగారూ. ఆడేద్దామా?” అన్నాడు.

ఆట మరీ కష్టమైంది కాదు. ఒక్కొక్కరికీ ఆరు పెద్ద ఓడలు, విమానాలు మోసేవి. ఆ ఆరూ మునిగినవాడు ఓడినట్టు. చుట్టూ చిన్న ఓడలు, చమురు ఓడలు ఎన్నో. దీవులు పట్టుకుంటే బలం పెరుగుతుంది. కిటుకు ఏమిటంటే ముక్కలన్నీ బోర్లించి పెట్టాలి. ఎదుటివాడికి దొంతరలు కనిపిస్తాయి గానీ ఏ దొంతరలో అసలు ఓడలున్నాయో, ఏ దొంతరలో ఉత్త అట్టలున్నాయో తెలియదు. వెతకాలి, పాచిక పడాలి, అప్పుడు కొట్టాలి. ఆరూ ఒక్కచోట ఉంటే దెబ్బ గట్టిగా తగులుతుంది. కానీ ఎదుటివాడు కనిపెట్టాడంటే ఆరూ ఒక్కసారే పోతాయి. విడదీస్తే దేనికీ బలం చాలదు, కానీ అన్నీ ఒకేసారి పోవు.

ఎవరు ఏది చేశారో వేరే చెప్పాలా? మేస్త్రీ ఆరింటినీ ఒకే దొంతర చేసి, చమురు ఓడలన్నీ వెనక కట్టి, సముద్రం మధ్యకి నడిపించాడు. బావగారు దీవికొకటి చొప్పున చల్లేశాడు. మేస్త్రీ ఒక దాన్ని తరిమి తరిమి ముంచేలోపల బావగారు ఇంకో వైపు దీవులన్నీ కలుపుకుపోయాడు. చివరికి చమురు అయిపోయి మేస్త్రీ ఆరు ఓడలూ నడిసముద్రంలో పెట్రోలు లేని పెళ్ళి బస్సులా నిలబడ్డాయి. బావగారు చుట్టుముట్టి ఆరింటినీ ముంచేశాడు.

“మీరు అంతా చిల్లర చేసి పారేసుకుంటున్నారు బావగారూ” అన్నాడు ఓడినవాడు.

“మీరు కట్ట కట్టి పారేసుకున్నారు బావగారూ” అన్నాడు గెలిచినవాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. ఒక్కో యుద్ధం నెలలు సాగేది. మహాసముద్రం బల్ల మీదే ఉండిపోయేది కాబట్టి ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినడం అలవాటు చేసుకున్నారు. ఫ్యాను వేస్తే రెండు నౌకాదళాలూ నేలమీద పడతాయని ఆదివారం ఫ్యాను బంద్. “వాళ్ళకి యుద్ధం, మనకి ఉక్కపోత” అనేది భార్య. చెమటలు కక్కుతూ ఆ ఇద్దరూ మాట్లాడుకోని విషయం ఉండేది కాదు. మోకాళ్ళ నొప్పులు, పోయినావిడ చేతి వంట, మొండి మెకానిక్కులు, చత్వారం వచ్చినా ఒప్పుకోని గిరాకీలు, అన్నీ ఆ సముద్రం మీదుగానే నడిచాయి. మేస్త్రీకి చుట్టాలు బోలెడుమంది, కింద పనిచేసేవాళ్ళు ఐదుగురు. స్నేహితుడు అని చెప్పుకోవడానికి మాత్రం అంతకుముందు ఎవరూ లేరు. అది ఆయనకి యాభై దాటాక తెలిసింది.

ఇక్కడ పిల్లల సంగతి చెప్పాలి. తండ్రుల గుణాలు పోకుండా పిల్లలకి వచ్చాయి. అల్లుడిది ఫ్యాక్టరీల్లో యంత్రాలు బిగించే ఉద్యోగం. ఒక ఊళ్ళో నాలుగు నెలలు, ఇంకో ఊళ్ళో ఆరు నెలలు. అతనికి అలా తిరగడమే ఇష్టం. అమ్మాయికి ఒక ఇల్లు, ఒక వీధి, ఒక ఉద్యోగం ఉండాలి. నువ్వు ఆగు అంటుంది ఆమె, నువ్వు రా అంటాడు అతను. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఒకరోజు ఆమె బట్టలు సర్దుకుని పుట్టింటికి వచ్చి, “కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను నాన్నా” అంది.

కొన్నాళ్ళు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. ఊరుకోవడం మేస్త్రీ వంట్లో లేదు. అన్నగారు, తమ్ముడు, ఇద్దరు బావమరుదులు, పెద్ద వదినగారు, భార్య, మేనమామ, ఆయన తోడల్లుడు, తను. తొమ్మిది మంది రెండు కార్లలో దిగారు. “ఒక్కొక్కరం చెప్తే పెడచెవిన పెడతాడు. అందరం ఒక్కసారి కూర్చుంటే వింటాడు” అన్నాడు దారిలో. సెలవు మీద వచ్చి ఇంట్లో ఒంటరిగా బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్న కుర్రాడు తలుపు తీసి తొమ్మిది మందినీ చూశాడు. ఉన్నవి మూడు కుర్చీలు. మిగతావాళ్ళు మంచం మీద, కిటికీ గట్టు మీద సర్దుకున్నారు. మేనమామ తోడల్లుడికి అసలు ఆ కుర్రాడి పేరు కూడా తెలియదు, అయినా చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. కుర్రాడు ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడి అంతా విన్నాడు. అందరిదీ అయ్యాక, “అయిందా అండీ?” అన్నాడు. వాళ్ళు కిందికి దిగేసరికి పైన తలుపు గడియ పడిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత అమ్మాయి ఫోన్ చేస్తే అతను పొడిపొడిగా మాట్లాడటం మొదలుపెట్టాడు, తర్వాత అదీ లేదు.

ఆ ఆదివారం మేస్త్రీ కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. వియ్యంకుడు రాడని ఆయనకి గట్టి నమ్మకం. కొడుకు మీదికి తొమ్మిది మందిని తోలుకొచ్చిన మనిషి ఇంటికి ఏ తండ్రి వస్తాడు? ఎప్పటి వేళకే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. బావగారు లోపలికి వచ్చి, కోడలి వైపు చూసి తల ఊపి, కుర్చీ లాక్కుని, “మధ్యలో వదిలేశాం కదా” అన్నాడు. యుద్ధం గురించే అన్నాడు. ఆ రోజు ఇద్దరూ పిల్లల ఊసు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. మేస్త్రీ ఒకటి రెండుసార్లు ఎత్తబోయి నీళ్ళు నమిలాడు. బావగారు వెంటనే పాచికలు అందించాడు.

ఇదిలా ఉండగా యుద్ధం మేస్త్రీ వైపు తిరిగింది. ఇన్నాళ్ళ ఓటముల్లో ఆయన ఒకటి రెండు నేర్చుకున్నాడు. చమురు దగ్గర పెట్టుకుని, బావగారి విడి ఓడల్ని ఒక్కొక్కటే పట్టుకుని, నాలుగింటిని ముంచేశాడు. ఇంకో రెండు మిగిలాయి. అవెక్కడున్నాయో కూడా ఇంచుమించు తెలిసిపోయింది. దక్షిణాన ఒక దీవి పక్కన ఒకటి, దానికి కాస్త అవతల ఇంకోటి. తన ఆరు ఓడలూ కలిపి ఒక్క అడుగు వేస్తే చాలు. ఇన్నేళ్ళ వాదన తేలిపోతుంది.

ఆయన చెయ్యి దొంతర మీదికి వెళ్ళింది, ఆగిపోయింది. గెలుపు. ఆ తర్వాత? ఆట అయిపోతుంది. మధ్యలో వదిలేసింది ఏమీ ఉండదు. మెట్ల మీద చెప్పుల చప్పుడుకి ఏ సాకూ ఉండదు. కొత్త ఆట మొదలుపెడదాం అనడానికి ఈ రోజుల్లో ఎవరికి మొహం చెల్లుతుంది? ఆయన ఆ దొంతరని ఎత్తి, దక్షిణానికి కాకుండా, ఉత్తరం మూలకి జరపడం మొదలుపెట్టాడు. అక్కడ దీవులు లేవు, శత్రువులు లేరు, ఉన్నదంతా పొగమంచు. ఆ గడుల్లో వెతకడం కష్టమని నియమాల్లో రాసి ఉంది. నాలుగైదు ఆదివారాలకి తన నౌకాదళం మొత్తాన్నీ లోకంలో ఎవరికీ పనికిరాని చోట చేర్చి ఊపిరి పీల్చుకున్నాడు.

బావగారు కూడా విచిత్రంగానే ఆడాడు. మిగిలిన రెండు ఓడల్నీ ఒక దీవి నుంచి ఇంకో దీవికి తిప్పుతూ కాలక్షేపం చేశాడు. అమ్మాయి ఒకరోజు టీలు తెచ్చి బల్ల పక్కన కాసేపు నిలబడింది. “మీరిద్దరూ యుద్ధం చేస్తున్నారా, దాక్కుంటున్నారా?” అంది.

“వ్యూహమమ్మా” అన్నాడు బావగారు.

“పెద్ద వ్యూహం” అన్నాడు మేస్త్రీ.

ఒక్క సంగతి ఆయన్ని లోపల తొలిచేది. కూతురి కాపురం పోతోంది, తండ్రిగా దాని గురించి దిగులు పడాలి. పడుతున్నాడు కూడా. కానీ నిజం చెప్పుకోవాలంటే అందులో సగం దిగులు ఆదివారం గురించి. అమ్మాయి ఆ ఇంటి కోడలు కాకపోతే బావగారు వియ్యంకుడు కాడు. వియ్యంకుడు కాకపోతే ఆయన ఎవరు? ఎందుకు వస్తాడు? ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడు, అయినా అది వస్తూనే ఉండేది.

ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. “మేమిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నాం. విడిపోదామనుకుంటున్నాం. గొడవేం లేదు.”

మేస్త్రీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. “మేం తొమ్మిది మందిమి పోవడం వల్లేనా?”

“దాని వల్ల కాదు నాన్నా. నువ్వు పోకపోయినా ఇంతే అయ్యేది.” మజ్జిగ పోసుకుంటూ, “కాకపోతే ఇస్త్రీ చేస్తున్న చొక్కా కాలిపోయిందట. అది మాత్రం చెప్పాడు” అంది.

తల్లి ఏడ్చింది. తండ్రి లేచి చెయ్యి కడుక్కుని, చీకట్లో భోజనాల బల్ల దగ్గర నిలబడ్డాడు.

విడాకుల రోజు కోర్టు వరండాలో రెండు బల్లలు వేసి ఉన్నాయి. ఒక దాని మీద వీళ్ళు, ఒక దాని మీద వాళ్ళు. పిల్లలిద్దరే మధ్యలో నిలబడి ఏదో మామూలుగా మాట్లాడుకున్నారు. వియ్యంకులిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, పెళ్ళైన కొత్తలోలా, గోడల రంగు చూశారు. బయటికి వస్తూ మేస్త్రీ ఏదో ఒకటి అనాలని, “ఎండలు...” అన్నాడు. “అవునండీ” అన్నాడు ఆయన. బావగారూ అనలేదు. అండీ అని మాత్రం అన్నాడు. ఏమనాలో ఆయనకీ తెలియలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, ఆ క్షణాన మేస్త్రీ మాత్రం ఇక ఆ పిలుపు ఉండదనే అనుకున్నాడు.

ఆ ఆదివారం ఎవరూ రాలేదు. ఫ్యాను మాత్రం వేయలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. “ఇక ఆ మహాసముద్రం తీసేయండి. మనుషుల్లా కూర్చుని అన్నం తిందాం” అంది భార్య. మేస్త్రీ పెట్టె తెచ్చి పక్కన పెట్టుకున్నాడు, మొదటి ముక్క ఎత్తాడు, మళ్ళీ అదే గడిలో పెట్టేశాడు. భార్య అది చూసి, “సర్లెండి, ఇన్నాళ్ళూ తిన్నాం కదా ఒళ్ళో” అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆయన ఆఫీసుకి కబురు పంపి, కళ్ళద్దాల షాపుకి బయలుదేరాడు. ఒక్కడే. జీవితంలో ముఖ్యమైన పని మీద ఆయన ఒంటరిగా వెళ్ళడం అదే మొదటిసారి. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఎవరో వస్తున్నట్టు.

షాపులో గిరాకీ లేదు. షాపాయన కౌంటరు వెనక అద్దాలు తుడుస్తున్నాడు. తల ఎత్తి చూసి, “రండి. ఏం కావాలి?” అన్నాడు.

“చూపు సరిగ్గా ఆనడం లేదు” అన్నాడు మేస్త్రీ.

అబద్ధం కాదు గానీ దానికోసం వచ్చింది కాదు. ఆయన్ని లోపలి చిన్న గదిలో ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్షకి వాడే బరువైన ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టాడు షాపాయన. ఎదురు గోడ మీద అక్షరాల చార్టు. ఎడమ కన్ను నల్ల బిళ్ళతో మూశాడు. కుడి కంటికి ఒక అద్దం వేశాడు, తీశాడు, ఇంకోటి వేశాడు. “ఇప్పుడెలా ఉంది?”

“అలాగే ఉంది.”

“ఇప్పుడు?”

మేస్త్రీ చార్టు వైపు చూస్తూనే గబగబా చెప్పేశాడు. “నా ఓడలు ఆరూ ఒక్కచోటే ఉన్నాయి. ఉత్తరం మూలన, పొగమంచులో, అంచు నుంచి రెండో గడి. మిగతా దొంతరలన్నీ ఉత్త అట్టలు. కాపలా కూడా లేదు. మీ ఓడలు రెండూ చాలు. ఇప్పుడు మీ వంతు.”

ఆయన జీవితంలో ఎవరికీ తాళాల గుత్తి కూడా చేతికివ్వలేదు. అలాంటి మనిషి తనకున్నదంతా ఎక్కడ పెట్టాడో చెప్పేశాడు. చెప్పాక, ఒంటికంటితో చార్టు వైపే చూస్తూ కూర్చున్నాడు.

వెనక అద్దాల పెట్టెలో ఏదో వెతుకుతున్న చప్పుడు ఆగింది.

“తెలుసు” అన్నాడు షాపాయన.

“ఏం తెలుసు?”

“అక్కడున్నాయని. ఎప్పటినుంచో తెలుసు. మీరు బల్లంతా చూస్తారు, ఆ మూలకి మాత్రం ఒక్కసారి కూడా చూడరు. కళ్ళు చూసి బతికేవాణ్ణి, ఆ మాత్రం కనిపెట్టలేనా?”

“మరి కొట్టలేదేం?”

“కొడితే ఆరూ ఒక్క దెబ్బకి పోతాయి కదా.” ఆయన ఇంకో అద్దం తీసి వెలుతురుకి పట్టి చూశాడు. అది శుభ్రంగానే ఉంది, అయినా చొక్కా అంచుతో తుడిచాడు. “పోతే ఆట అయిపోతుంది. అయిపోతే ఆదివారం నేనెక్కడికి రావాలి బావగారూ?”

మేస్త్రీకి చార్టులో కింది వరసలే కాదు, పై వరస కూడా అలుక్కుపోయింది. బావగారు ముందుకి వంగి అద్దం వేయబోయి, ఆగి, తెల్లటి గుడ్డముక్క చేతికిచ్చాడు. “తడిగా ఉంటే నంబరు సరిగ్గా రాదు. తుడుచుకోండి.” మేస్త్రీ తుడుచుకున్నాడు. ఆ గుడ్డ తిరిగి తీసుకుని బావగారు కూడా ఒకసారి వాడాడు.

“ఆదివారం రండి. వచ్చి ముంచేయండి” అన్నాడు మేస్త్రీ. “అయిపోతే అయిపోనివ్వండి.”

“అయిపోయాక?”

“అయిపోయాక ఏముంది, ఫ్యాను వేసుకుని కూర్చుందాం.”

బావగారు తల ఊపి, పక్కకి జరిగి, చార్టు వైపు చెయ్యి చూపించాడు. “మూడో వరస చదవండి.”

మేస్త్రీ పైనుంచి కిందిదాకా గడగడా చదివేశాడు. సగానికి పైగా తప్పులే. బావగారు అన్నీ వింటూ, “బాగుంది, బాగుంది” అన్నాడు.